డిస్క్ పేరు ఇవ్వకపోతే

ముందుగా క్షమాపణ. నాకు అక్షరాలు అరవై నాలుగో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట పడుతుంటాయి. పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఇది మా ఆయన గడిపిన ఒక రోజు కథ. ఇందులో నేనూ ఉన్నాను గానీ ‘ఆమె’ అని రాసుకుంటేనే చెయ్యి సాగుతోంది. నేను చూడనివి కొన్ని ఆయన ఆ మధ్యాహ్నం చెప్పాడు. మిగిలినవి ఆఫీసు అమ్మాయి తర్వాత ఎప్పుడో చెప్పింది.

పన్నెండో ఆప్షన్ పూర్తిచేసి ఆయన పెన్సిల్ చెక్కుకున్నాడు. పొట్టును బల్ల అంచు నుంచి అరచేతిలోకి తోసుకుని కిటికీ గట్టు మీది డబ్బాలో వేశాడు. తొమ్మిది కావస్తోంది. కుర్చీకి కుడిచెయ్యి ఊడిపోయి చాలా కాలమైంది. ఆ వైపు మోచేతిని గాల్లో ఆనించుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

ఆయనది పనిముట్లకు పుస్తకాలు రాసే ఉద్యోగం. చేత్తో పట్టుకునే పనిముట్లు కావు, కంప్యూటరులో నడిచేవి. వాటికి బొమ్మలూ మీటలూ ఉండవు. నల్లటి తెర మీద పనిముట్టు పేరు కొట్టి, పక్కన ఒక చిన్న గీత, గీత పక్కన ఒక అక్షరం పెట్టాలి. ఆ అక్షరాన్ని బట్టి అది ఒక్కోలా ప్రవర్తిస్తుంది. దాన్నే ఆప్షన్ అంటారు. ఒక్కో ఆప్షన్ ఏం చేస్తుందో రెండు మూడు వాక్యాల్లో చెప్పడమే ఇరవై రెండేళ్ళుగా ఆయన బతుకుతెరువు. “మీ ఆయన ఏం చేస్తారు?” అని ఎదురింటావిడ అడిగినప్పుడు ఆయన భార్య ఏం చెప్పాలో తెలియక “గీతలు పెడతారు” అంది. ఎదురింటావిడ నోట్లో మాట నిలవదు. వారం తిరిగేసరికి వీధిలో ఆయన గీతలాయన అయిపోయాడు.

ఈసారి పనిముట్టు డిస్క్ ఏం చేస్తోందో చూపించేది. డిస్క్ అంటే కంప్యూటరు తనకు చెప్పినవన్నీ దాచుకునే పెట్టె. ఆ పెట్టెను ఈ పనిముట్టు తెర నిండా చిన్న చిన్న గళ్ళుగా గీసి చూపిస్తుంది. ఏ గడిలోంచైనా ఏదైనా చదివితే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏ గడిలోనైనా ఏదైనా రాస్తే ఎర్రబడుతుంది. ఏ పనీ లేనప్పుడు అన్నీ బూడిదరంగులో ఉంటాయి. అలాంటప్పుడు ఆ తెర, దుకాణాలు మూసేసిన వీధిలా ఉంటుందని ఆయన ఒకసారి రాశాడు. ఆఫీసువాళ్ళు ఆ వాక్యం కొట్టేశారు.

మొత్తం పద్నాలుగు ఆప్షన్లు. రెండు నెలల పని. సాయంత్రం ఐదింటికి పుస్తకం అప్పజెప్పాలి. మర్నాడు పొద్దున పనిముట్టూ పుస్తకమూ కలిసి కొన్ని వేలమంది దగ్గరికి వెళ్ళిపోతాయి.

ఆఫీసు ఎక్కడో దూరాన ఉంది. ఆయన దాన్ని చూసింది రెండుసార్లు. తోటి ఉద్యోగులు గొంతులుగా తెలుసు, మొహాలుగా తెలియదు. ఇరవై రెండేళ్ళలో పాఠకుల నుంచి ఆయనకు వచ్చిన ఉత్తరాలు మూడు. రెండింటిలో తిట్లు. మూడోది ఇంకెవరికో రాసింది.

ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. మొదటిది, తన చేత్తో నడిపి చూడని ఆప్షన్ గురించి ఒక్క ముక్క రాయడు. పనిముట్టు తయారుచేసినవాళ్ళు, ఏది ఏం చేస్తుందో ఒక కాగితం మీద రాసి పంపుతారు. ఆయన దాన్ని పక్కన పెట్టుకునేవాడే గానీ నమ్మేవాడు కాదు. ప్రతి ఆప్షన్‌నూ మూడుసార్లు నడిపేవాడు. అడిగింది ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి, తప్పుగా ఇచ్చి ఒకసారి. రెండోది, రాసిన ప్రతి వాక్యాన్నీ వంటింటి గుమ్మంలో నిలబడి భార్యకు చదివి వినిపించాలి. ఆమెకు చదువు రాదు. కంప్యూటరు ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలా ఏళ్ళు నమ్మింది. ఆమెకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే.

ఆ పొద్దున కూడా గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డాడు.

“ఇదిగో, విను. ‘ఈ ఆప్షన్ ఇస్తే గళ్ళకు రంగులు ఉండవు. రంగులు పోల్చుకోలేనివారి కోసం దీన్ని పెట్టారు. చదివిన గడిలో చుక్క, రాసిన గడిలో అడ్డగీత కనిపిస్తాయి.’”

ఆమె గిన్నె తోముతూ ఆగింది. “ఎవరు రాసిన గడి?”

“కంప్యూటరు రాసింది.”

“ఆ మాట లేదుగా. నేను రాసిందేమో అనుకుంటాను.”

“నీకు రాయడం రాదు కదే.”

“నాకు రాదు. చదివేవాడికి వచ్చుగా.”

ఆయన చెవి మీది పెన్సిల్ తీసి అక్కడే గోడకు కాగితం ఆనించి దిద్దుకున్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ, “నాకూ నాలుగక్షరాలు నేర్పచ్చుగా, నేనే చదివి చెబుతాను,” అంది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి అనే మాటే.

“నువ్వు నేర్చుకుంటే ఇంక నాకు వినిపెట్టేవాళ్ళెవరు? చదువుకున్నవాళ్ళకి అన్నీ అర్థమైనట్టే ఉంటాయి,” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె కూడా నవ్వింది. అది ఎలాంటి నవ్వో చూడటానికి ఆయన అక్కడ లేడు.

పదమూడోది తేలిగ్గానే అయింది. పద్నాలుగోది ‘పరీక్ష’. ఈ ఆప్షన్ ఇస్తే పనిముట్టు ఊరికే చూస్తూ కూర్చోదు. డిస్క్ ఎంత వేగంగా పనిచేస్తుందో చూడటానికి మొదటి గడి నుంచి చివరి గడి దాకా తనే సున్నాలు రాసుకుంటూ పోతుంది. అందుకని ఏ డిస్కుకు పరీక్ష పెట్టాలో దాని పేరు ఇవ్వాలి. పేరు ఇవ్వకపోతే ఏమీ చెయ్యకుండా, పేరు ఇవ్వమని అడిగి ఊరుకుంటుంది. కాగితంలో అలా ఉంది.

ఆయన కంప్యూటరులో రెండు డిస్కులు ఉన్నాయి. చిన్నది కంప్యూటరు నడవడానికీ, చేతిలో ఉన్న పుస్తకానికీ. పెద్దది ఆయన పాత రాతలకు. మూడోది ఒక పాత డిస్క్, ప్రయోగాల కోసం బయట తీగతో తగిలించి ఉంటుంది. ముందుగా ఆ పాతదాని పేరు ఇచ్చి నడిపాడు. గళ్ళు వరసగా ఎర్రబడుతూ వెళ్ళాయి. బాగానే ఉంది. నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పాత డిస్క్ తీగ ఊడదీశాడు. తర్వాత పేరు ఇవ్వకుండా నడిపాడు.

ఏమీ జరగకూడదు. కానీ ఎడమవైపు పై మూలలో ఒక గడి ఎర్రబడింది. దాని పక్కది. ఆ పక్కది.

ఆయనకు గుండెల్లో చిన్న సంబరం పుట్టింది. దొరికింది! కాగితం తప్పు. ఇరవై రెండేళ్ళలో ఇలాంటి తప్పు పట్టుకున్న ప్రతిసారీ ఆయనకు అదే సంబరం. అది పంచుకోవడానికి ఎవరూ ఉండరు కాబట్టి నోటుపుస్తకంలోనే పంచుకునేవాడు. టైము రాశాడు. ‘పేరు ఇవ్వలేదు, అయినా రాస్తోంది’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. నిమిషానికి ఎన్ని వరసలు ఎర్రబడుతున్నాయో వాచీ చూసి లెక్కగట్టాడు. ఎరుపు మొదటి వరస దాటి రెండో వరసలోకి, అక్కడి నుంచి మూడో వరసలోకి, ఒక్క గడి కూడా వదలకుండా నింపాదిగా నడిచింది. చూడటానికి అందంగా ఉంది. ఆయన అలా చూస్తూ పెన్సిల్ కొసను పెదవికి ఆనించుకున్నాడు.

ఏ డిస్క్ మీద రాస్తోందో అది కూడా రాసుకోవాలి కదా అని తెర పైభాగం చూశాడు. పెద్దదాని పేరు ఉంది.

ఆపడానికి తెలిసిన మీటలన్నీ నొక్కాడు. ఎలా ఆపాలో కాగితంలో లేదు. చివరికి కిందకు వంగి, బల్ల కింద పాకి, గోడలోంచి తీగ లాగేశాడు. లేవబోతే బల్లచెక్క నెత్తికి తగిలింది. చాలాసేపు అక్కడే, నేల మీద, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మళ్ళీ తగిలించి చూస్తే కంప్యూటరు మామూలుగా నడిచింది. పెద్ద డిస్క్‌లో ఏమీ కనిపించలేదు. ఏది ఎక్కడ దాచిందో చెప్పే పట్టిక మొదటి గళ్ళలోనే ఉంటుందట, అది పోయింది.

అందులో ముప్పై ఒక్క పనిముట్ల పుస్తకాలు ఉండేవి. అచ్చయినవి కావు. అచ్చయ్యేటప్పుడు ఆఫీసువాళ్ళు కత్తిరించని, ఆయన రాసినవి రాసినట్టుగా ఉన్నవి. ఆ పనిముట్లలో ఇరవైకి పైగా ఇప్పుడెవరూ వాడరు. మూసేసిన వీధి వాక్యం కూడా అందులోనే ఉంది.

పదకొండున్నరకు ఆఫీసులో మేనేజరుకు ఫోను చేశాడు. మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు.

“చెప్పండి సార్. అయిపోయిందా?”

“పద్నాలుగోది మీ కాగితంలో ఉన్నట్టు నడవట్లేదు. పేరివ్వకపోతే ఊరుకోవట్లేదు. ఉన్నవాటిలో పెద్ద డిస్క్ చూసుకుని తుడిచిపెడుతోంది.”

“పేరివ్వకుండా ఎవరు నడుపుతారు సార్?”

“నేను నడిపాను.”

“మీరంటే మీరు. మామూలు మనుషులు నడపరు కదా.”

“మర్చిపోయి నడుపుతారు. తొందరలో నడుపుతారు. రేపు పొద్దున్నకి ఆపండి దీన్ని.”

“ఇప్పుడు ఆపడమంటే నా తల తీస్తారు సార్. పోనీ, కింద గమనికల్లో ఒక ముక్క పడెయ్యండి.”

“కింద రాస్తే ఎవరు చూస్తారు?”

“పైన రాస్తే మటుకు ఎవరు చూస్తారు సార్, మనలో మన మాట!” అని నవ్వాడు. చెడ్డవాడు కాదు. ఆ నవ్వులో కూడా మర్యాదే ఉంది. “మన నమూనా మీకు తెలుసుగా. ముందు అది ఏం చేస్తుందో, తర్వాత ఉదాహరణ, ఆఖర్న గమనికలు. నమూనా మార్చే పెత్తనం నాకు లేదు. ఐదింటికల్లా పంపెయ్యండి, సరేనా?”

ఆయన గమనికల్లో ఒక వాక్యం రాశాడు. భోజనానికి పిలిచేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పళ్ళెం ముందు కూర్చుని కూడా చెయ్యి కలపకపోతే ఆమె ఆయన నెత్తి మీద బొప్పి చూసింది. “అదేమిటది?” అంది. అప్పుడు మొత్తం చెప్పాడు. గళ్ళు, ఎరుపు, సంబరం, బల్ల కింద కూర్చోవడం, అన్నీ. అంత పొడుగ్గా ఆయన మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

“వాటిని ఎవరైనా అడిగేవారా?” అంది ఆమె నెమ్మదిగా.

“లేదు.”

“మరి?”

“నేను చూసుకునేవాణ్ణి, అప్పుడప్పుడు.”

ఆమె నీళ్ళగ్లాసు ఆయన దగ్గరికి జరిపింది. ఆయన జేబులోంచి కాగితం తీసి, అలవాటు కొద్దీ చదివాడు. ముందు ఆప్షన్ ఏం చేస్తుందో, తర్వాత ఉదాహరణ, ఆ తర్వాత, “‘గమనిక: డిస్క్ పేరు ఇవ్వకపోతే పెద్ద డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది.’”

“అదేంటండీ,” అంది ఆమె. “పొయ్యి మీది గిన్నె పట్టుకోమని చెప్పి, పట్టుకున్నాక ‘వేడిగా ఉంది సుమా’ అంటారా? ముందు చెప్పాలి గానీ.”

“ముందు పెట్టనివ్వరు.”

“ఎవరు?”

“నమూనా ఒప్పుకోదు.”

“ఆవిడెవరు?” అంది ఆమె. ఆ రోజు మొత్తం మీద ఆయన నవ్వింది అప్పుడే.

తిన్నాక ఆయన, ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. మేనేజరును దాటి, పనిముట్టు తయారుచేసిన అమ్మాయికి ఫోను చేశాడు. కాగితం అడుగున ఆ అమ్మాయి నంబరు ఉంది. రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు.

“మీరు పుస్తకం రాసే మాస్టారా! ఇన్నాళ్ళకి మీ గొంతు విన్నాను,” అంది ఆ అమ్మాయి. ఆయన సంగతి చెప్పాడు. “అలా జరగదండీ. పేరివ్వకపోతే ఆగిపోతుంది. నేనే రాశాను కదా.”

“అయితే ఒకసారి పేరివ్వకుండా నడుపు తల్లీ. నేను ఫోను పెట్టనులే.”

“ఇప్పుడా? నా దాంట్లోనా?”

“ఆ, నీ దాంట్లోనే.”

అటువైపు మీటల చప్పుడు మొదలై ఆగిపోయింది.

“వద్దులెండి,” అంది.

ఆయన నోటుపుస్తకంలో టైము రాసుకున్నాడు.

“మాస్టారూ, మీరు దేని మీద నడిపారు?”

“నా దాని మీద.”

“అయ్యో. కాపీ ఉంది కదా?”

“మీ పుస్తకం రెండో పేజీలో, అందరూ కాపీ పెట్టుకోవాలని నేనే రాశాను. బాగా రాశాను కూడా.”

“మరి మీరు?”

“నేను ఆ పేజీలో మాట ఏనాడూ పాటించలేదమ్మా.”

ఆ అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదట. ‘నాలుగున్నరలోపు సరిచేస్తాను, మేనేజరుగారికి నేను చెప్పుకుంటాను, మీ వాక్యం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను,’ అని గబగబా చెప్పి పెట్టేసింది.

ఆయన ఎదురుచూశాడు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చి, నోటుపుస్తకం దాటి, నేల మీదికి దిగింది. పడమటి గోడ నీడ చేరేసరికి నాలుగుంబావు దాటింది. కొత్తది వచ్చింది. సరిచేశానని ఆ అమ్మాయి రాసింది. ఆయన దాన్ని నమ్మలేదు. పట్టింపు పట్టింపే. వేలు ఒక్క క్షణం మీట మీద ఆగింది. ఇప్పుడు పోవడానికి ఏముంది అనుకున్నాడేమో, నొక్కాడు. పేరు ఇవ్వమని తెర అడిగింది. గళ్ళన్నీ బూడిదరంగులోనే ఉన్నాయి. వాచీ చూసుకుంటూ పూర్తిగా ఐదు నిమిషాలు కూర్చున్నాడు. ఒక్కటీ ఎర్రబడలేదు.

వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“విను. ‘ముందుగా: ఈ ఆప్షన్‌కు మీరు ఏ డిస్క్ పేరు ఇస్తే దానిలో ఉన్నదంతా పోతుంది, తిరిగి రాదు. డిస్క్ పేరు ఇవ్వకపోతే ఏమీ జరగదు.’ ఆ తర్వాతే మిగతాదంతా.”

ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

“ఇది నాకు తెలిసింది,” అంది. “ఇంక గిన్నె జోలికి పోను.”

ఐదుకు పది నిమిషాల ముందు పంపేశాడు. మేనేజరు దగ్గర నుంచి ‘అందింది సార్’ అని రెండు ముక్కలు వచ్చాయి. ఆ వాక్యం ఆప్షన్ తలమీదే, అన్నిటికన్నా ముందు, అలాగే ఉండనిచ్చారు.

ఆయన స్క్రూడ్రైవరు తెచ్చుకుని కంప్యూటరు పక్కపలక విప్పడం ఆమె వంటింట్లోంచి చూసింది. ఒక్కో స్క్రూనూ తీసి, పడిపోకుండా టీ సాసరులో వేస్తున్నాడు. “టీ పెట్టనా?” అంది. “పెట్టు. ముందు బట్టలు తెచ్చుకో, మబ్బు పడుతోంది,” అన్నాడు.

ఆమె మేడ మీదికి వెళ్ళింది. దుప్పటి ఇంకా తడిగా ఉంది. రెండువైపులా తిప్పి చూసింది, కాసేపు ఆగింది, మళ్ళీ చూసింది. ఎదురింటావిడ తన మేడ మీంచి ఏదో అడిగితే జవాబు చెప్పింది. అన్నీ మోసుకుని దిగి, మడతపెట్టి, టీ పెట్టి, గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కుడి మోచెయ్యి ఈసారి గాల్లో లేదు, పక్కకు వేలాడుతోంది. “ఏమండీ,” అంది. గ్లాసు బల్ల మీద పెట్టి, భుజం మీద చెయ్యివేసి, మళ్ళీ అంది. కిటికీ అవతల వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆమె రెండో కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఎవరినైనా పిలవాలని తెలుసు. టీ చల్లారేదాకా పిలవలేదు.

మర్నాడు పొద్దున పుస్తకం వెళ్ళిపోయింది. దానిలో ఎక్కడా ఆయన పేరు లేదు. అలాంటి పుస్తకాల మీద పేర్లు వెయ్యరు.

బల్ల మీద, మడతపెట్టిన చేతిరుమాలులో, విప్పి తీసిన పెద్ద డిస్క్ ఉంది. దాని వీపున ఒక కాగితం ముక్క అతికించి, పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. ఆయన వినిపించకుండా వదిలేసినది అదొక్కటే. దాన్ని చదివిపెట్టమని ఆమె ఎవరినీ అడగలేదు. ఆయన పోయిన రెండేళ్ళకు, అక్షరాలు వచ్చాక, వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ‘చెడిపోలేదు. ఖాళీగా ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు.’

రాసినది: ఆయన భార్య. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది చెల్లెలి ఇంట్లో, వెనకగదిలో.